లిబరల్ ఆర్ట్స్ కాలేజీ: సీటు ఒక లెక్క, ఫీజు ఇంకో లెక్క

విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్, పొమోనా, వెల్‌స్లీ. అమెరికాలో పేరున్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు చెప్పమంటే ముందు వరుసలో వినిపించే ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వదు. స్కూల్లో ఫస్టు వచ్చినా, శాట్‌లో 1600కు 1600 తెచ్చుకున్నా, పియానోలో జాతీయ బహుమతి గెలిచినా ఇవ్వవు. అక్కడ దొరికే సాయమంతా కుటుంబ ఆదాయాన్ని, ఆస్తిని చూసి లెక్కగట్టేదే. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలిసేసరికి ఏప్రిల్ వచ్చేస్తుంది. సీటు చేతిలో ఉంటుంది, కట్టాల్సింది ఏడాదికి 90,000 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, జవాబు చెప్పడానికి మే 1 గడువు ముంచుకొస్తూ ఉంటుంది.

ఎడిసన్, ఫ్రిస్కో, ఫ్రీమాంట్ లాంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లకు ఈ చిక్కు మరీ దగ్గరిది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, కాలేజీ లెక్కలో ‘అవసరం లేనివాళ్లు’. ఇంటి లెక్కలో చూస్తే ఇంటి వాయిదాలు, ఇండియాలో ఉన్న పెద్దల మందుల ఖర్చు, రెండో పిల్ల చదువు. ఏడాదికి 90,000 చొప్పున నాలుగేళ్లు కట్టడం వీళ్లకు మామూలు విషయం కాదు. ఈ అధ్యాయం ముఖ్యంగా అలాంటి ఇళ్ల కోసమే.

ముందు ఈ కాలేజీల గురించి నాలుగు ముక్కలు. చాలావాటిలో మొత్తం విద్యార్థులు రెండు మూడు వేలకు మించరు. డిగ్రీతోనే సరి, పీహెచ్‌డీలు ఉండవు. కాబట్టి పాఠం చెప్పేది, ల్యాబులో పక్కన నిలబడేది ప్రొఫెసరే. ఫిజిక్సు, కంప్యూటర్ సైన్సు, ఎకనామిక్సు అన్నీ ఉంటాయి. మన బంధువర్గంలో ఎవరూ వినని పేర్లు కావడంతో ‘అదేం కాలేజీ’ అన్న ప్రశ్న తప్పదు. జన్యువులను కత్తిరించి సరిచేసే క్రిస్పర్ విధానానికి 2020లో నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా డిగ్రీ పొమోనాలో చదివారు. 1989లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన థామస్ చెక్, ఇంటెల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నాయిస్ ఇద్దరూ అయోవా మొక్కజొన్న చేల మధ్య ఉన్న గ్రిన్నెల్ విద్యార్థులు. కోఫీ అన్నన్ మినెసోటాలోని మెకాలెస్టర్‌లో ఎకనామిక్స్ చదివారు. బంధువులకు చెప్పడానికి ఇంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు.

అసలు విషయం ధర దగ్గర మొదలవుతుంది. మెరిట్ స్కాలర్‌షిప్ అంటే ప్రతిభకు బహుమానం అని మనవాళ్లు అనుకుంటారు. పిల్లల కష్టానికి గుర్తింపు అందులో ఉన్న మాట నిజమే. కానీ కాలేజీ వైపు నుంచి చూస్తే అది ధరను సర్దే పద్ధతి. తమకు కావాల్సిన విద్యార్థి ఇంకో కాలేజీకి వెళ్లకుండా ఎంత తగ్గించాలి అన్నదే అక్కడి లెక్క. ప్రైవేటు కాలేజీలు కొత్తగా చేరే విద్యార్థులకు ట్యూషన్‌లో సగటున సగానికి పైగా తగ్గిస్తున్నాయని కాలేజీల ఆర్థికాధికారుల సంఘం ఏటా వేసే లెక్కలు చెబుతున్నాయి. ఈ మధ్య సంవత్సరాల్లో అది 56 శాతం దగ్గరుంది. కరపత్రంలో అచ్చేసిన ఫీజు కొందరే కడతారన్నమాట.

మరి విలియమ్స్ లాంటివి ఎందుకు తగ్గించవు? తగ్గించే అవసరం వాటికి లేదు. పూర్తి ఫీజు కట్టి చేరడానికి బయట వరుసలో చాలామంది ఉన్నారు. దీని వెనుక ఒక చరిత్ర కూడా ఉంది. ఐవీ లీగ్ కాలేజీలు, ఎంఐటీ దశాబ్దాలపాటు ఏటా కూర్చుని, ఉమ్మడిగా సీటిచ్చిన విద్యార్థులకు ఎవరెంత సాయం ఇవ్వాలో మాట్లాడుకునేవి. మెరిట్ ఆధారంగా ఎవరూ ఇవ్వకూడదన్నది వాటి ఒప్పందం. పోటీని చంపేసే కుమ్మక్కు ఇది అంటూ 1991లో అమెరికా న్యాయశాఖ కేసు పెట్టింది. ఐవీలు రాజీపడ్డాయి, ఎంఐటీ పోరాడింది. 1994లో అమెరికా కాంగ్రెస్, ఆదాయం చూడకుండా సీట్లిచ్చే కాలేజీలు సాయం సూత్రాలపై కలిసి మాట్లాడుకోవచ్చని చట్టంలో వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు 2022లో ముగిసింది. అవసరం ఉన్నవాళ్లకే ఇవ్వాలన్న సంప్రదాయం మాత్రం పేరున్న కాలేజీల్లో అలాగే నిలిచింది. న్యూయార్క్ రాష్ట్రంలోని హామిల్టన్ కాలేజీ అంతకుముందు మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఇచ్చేది. 2007లో వాటికి స్వస్తి చెప్పి, ఆ డబ్బును అవసరమున్న విద్యార్థుల వైపు మళ్లించింది. విలియమ్స్ 2022లో ఇంకో అడుగు వేసి, సాయంలో అప్పులు, క్యాంపస్ పని రెండూ తీసేసి మొత్తం గ్రాంటుగానే ఇవ్వడం మొదలుపెట్టింది. తక్కువ ఆదాయం ఉన్న ఇంటి పిల్లలకు ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం. ధర్మంగా చూసినా ఇది గౌరవించాల్సిన విధానమే. మధ్యలో ఇరుక్కున్న ఇంటికి దీనివల్ల ఒరిగేదేమీ లేదన్నది వేరే సంగతి.

విద్యారంగ పాత్రికేయుడు జెఫ్రీ సెలింగో 2020లో రాసిన పుస్తకంలో కాలేజీలను రెండు రకాలుగా విడదీశాడు: విద్యార్థులు వెతుక్కుంటూ వచ్చేవి, విద్యార్థులను వెతుక్కుంటూ వెళ్లేవి. మెరిట్ డబ్బు ఎక్కువగా రెండో రకం దగ్గర ఉంటుంది. వాటిలో చదువు తక్కువని దీనర్థం కాదు. ఒహాయోలో ఓబర్లిన్, కెన్యన్, డెనిసన్, వూస్టర్ ఉన్నాయి. వాటి చుట్టుపక్కల హైస్కూలు పూర్తిచేసే పిల్లల సంఖ్య తగ్గుతోంది. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత జననాలు తగ్గిన ప్రభావం ఇప్పుడు కాలేజీ గుమ్మం దగ్గరికి వచ్చింది. న్యూజెర్సీ నుంచో కాలిఫోర్నియా నుంచో ఒక మంచి విద్యార్థిని ఒహాయో పల్లెకు రప్పించాలంటే ఏడాదికి ఇంత అని తగ్గించాలి. భూగోళం కూడా స్కాలర్‌షిప్‌లో భాగమే అని తల్లిదండ్రులు గుర్తుపెట్టుకుంటే జాబితా తయారుచేసే తీరే మారిపోతుంది.

ఈ రెండింటికీ మధ్య ఇంకో చిన్న గుంపు ఉంది. సీటు రావడమూ కష్టమే, పెద్ద మెరిట్ స్కాలర్‌షిప్‌లూ ఉన్నాయి. వర్జీనియాలోని వాషింగ్టన్ అండ్ లీ 10 కోట్ల డాలర్ల విరాళంతో 2007లో జాన్సన్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. చేరే ప్రతి బ్యాచ్‌లో దాదాపు పదో వంతు మందికి ట్యూషన్, హాస్టల్, భోజనం ఖర్చులు తగ్గకుండా ఇస్తుంది. నార్త్ కరోలినాలోని డేవిడ్‌సన్‌లో బెల్క్, రిచ్‌మండ్ యూనివర్సిటీలో రిచ్‌మండ్ స్కాలర్స్ ఇలాంటివే. ఇవి కొద్దిమందికే వస్తాయి. మహిళా కాలేజీల్లో వెల్‌స్లీ మెరిట్ ఇవ్వకపోయినా స్మిత్, మౌంట్ హోల్యోక్ ఇస్తాయి. స్మిత్‌లో స్ట్రైడ్ స్కాలర్‌షిప్ వచ్చిన అమ్మాయికి ఫీజు తగ్గింపుతో పాటు మొదటి రెండేళ్లు ఒక ప్రొఫెసర్ దగ్గర జీతంతో పరిశోధన పని కూడా దొరుకుతుంది. అదే కాలేజీలో ఇంజనీరింగ్ డిగ్రీ కూడా ఉంది. కూతురు ఇంజనీరు కావాలనుకునే తెలుగు ఇళ్లు స్మిత్ పేరు జాబితాలో ఎందుకు పెట్టుకోవో అర్థం కాదు.

జాబితా కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కాలేజీ దృష్టిలో మన కుటుంబానికి ఎంత ‘అవసరం’ ఉందో తెలుసుకోవాలి. 2011 అక్టోబరు నుంచి ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ పెట్టి తీరాలన్నది అమెరికా చట్టం. ఆదాయం, ఆస్తి వివరాలు ఇస్తే మన ఇంటికి సుమారు ఎంత పడుతుందో అదే చెబుతుంది. వెల్‌స్లీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్ ఫిలిప్ లెవిన్ మొదలుపెట్టిన మైఇన్‌ట్యూషన్ ఇంకా సులువు, కొద్ది ప్రశ్నలతోనే అంచనా ఇచ్చేస్తుంది. ఏడాదికి 90,000 అడిగే కాలేజీలో, లక్షా ఎనభై వేల డాలర్ల ఆదాయం ఉన్న ఇంటికి కూడా కొంత గ్రాంటు రావడం అరుదేమీ కాదు. ‘మనకెవరిస్తారులే’ అని ముందే తీర్మానించుకోవడం తగదు.

సాయానికి రెండు దరఖాస్తులు ఉంటాయి. ఫెడరల్ ప్రభుత్వానిది ఫాఫ్సా. చాలా ప్రైవేటు కాలేజీలు దాంతోపాటు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ కూడా అడుగుతాయి. ఫాఫ్సా మనం ఉంటున్న ఇంటి విలువను చూడదు, సీఎస్‌ఎస్ చూస్తుంది. దాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలన్నది ఒక్కో కాలేజీది ఒక్కో పద్ధతి. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫెడరల్ లెక్కలో వచ్చే తగ్గింపు 2024–25 నుంచి పోయింది. చాలా సీఎస్‌ఎస్ కాలేజీలు దాన్ని ఇంకా పరిగణిస్తున్నాయి. రిటైర్మెంట్ ఖాతాల్లోని డబ్బును ఫాఫ్సా లెక్కించదు. మనవాళ్లు తడబడేది ఇంకోచోట. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో తమ పేరున ఉన్న ప్లాటు కూడా ఆస్తే. దేశం బయట ఉందని వదిలేయడానికి వీల్లేదు. ఇండియాలోని అమ్మానాన్నలకు పంపే డబ్బు గురించి దరఖాస్తులో ఎక్కడా గడి లేకపోతే, ప్రత్యేక పరిస్థితులు రాసేచోట ఆధారాలతో చెప్పుకోవచ్చు. వినాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం.

వీసా సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉన్నా, పిల్ల అమెరికాలో పుట్టిన పౌరురాలైతే ఫెడరల్ సాయానికి అర్హురాలే. పిల్లాడు ఇండియాలో పుట్టి హెచ్-4 మీద ఉంటే ఫెడరల్ సాయం లేదు. కొన్ని కాలేజీలు అతన్ని విదేశీ విద్యార్థుల జాబితాలో కలిపి చూస్తాయి, ఇరవై ఒకటి నిండితే ఆ వీసా కూడా పోతుంది. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడ్డ ఇళ్లకు ఇది గుండెల్లో గుబులు. ‘హెచ్-4 విద్యార్థికి మీరు ఏ నిధి నుంచి సాయం ఇస్తారు, దరఖాస్తులో ఆదాయం చూస్తారా’ అని అడ్మిషన్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. హైదరాబాద్, విజయవాడ నుంచి నేరుగా దరఖాస్తు చేసేవాళ్లకూ ఇదే ప్రశ్న. ఎక్కువ కాలేజీలు విదేశీ విద్యార్థి ఎంత సాయం అడుగుతున్నాడో చూసే సీటు నిర్ణయిస్తాయి. ఆమ్‌హెర్స్ట్, బౌడిన్ లాంటి కొన్నే అలా చూడవు.

ఏ కాలేజీ ఎవరికి ఎంత ఇస్తుందో బయటపెట్టే పత్రం ఒకటుంది, దాని పేరు కామన్ డేటా సెట్. కాలేజీ పేరుతో కలిపి వెతికితే చాలావాటివి దొరుకుతాయి. అందులో ‘హెచ్’ విభాగం తెరవాలి. ఆర్థిక అవసరం లేకపోయినా కాలేజీ నుంచి స్కాలర్‌షిప్ అందుకున్న కొత్త విద్యార్థులు ఎందరు, సగటున ఎంత వచ్చింది అన్నది హెచ్2ఏలో ఉంటుంది. విదేశీ విద్యార్థులకు ఇచ్చింది హెచ్6లో ఉంటుంది. మొదటి గడిలో సున్నా ఉంటే ఆ కాలేజీలో మెరిట్ ఆశ పెట్టుకోనవసరం లేదు. విద్యార్థుల్లో మూడో వంతు మందికి సగటున పాతిక వేలు ఇచ్చినట్టు ఉంటే ఆ కాలేజీ మన జాబితాలో ఉండాలి. వెయ్యి డాలర్లు పోసి కన్సల్టెంటును పెట్టుకునే ముందు ఈ ఒక్క పేజీ చదివినా చాలు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. కాలేజీ లెక్క ప్రకారం 50,000 సాయం అవసరమైన ఇంటికి 20,000 మెరిట్ వచ్చిందనుకుందాం. అవసరమంతా తీరుస్తామనే కాలేజీలో అప్పుడు మొత్తం 70,000 రాదు. 20,000 మెరిట్, 30,000 గ్రాంటు, కలిపి 50,000లే. అలాంటిచోట మెరిట్ నిజంగా జేబులో మిగిలేది అవసరం లేదని తేలిన ఇళ్లకే. తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల స్కాలర్‌షిప్ బయటి నుంచి వచ్చినా, ఆ మేరకు కాలేజీ తన గ్రాంటు తగ్గించుకోవచ్చు. దానికి కాలేజీ నిబంధన ఏమిటో ముందే అడగాలి.

ఏప్రిల్‌లో వచ్చే సాయం ఉత్తరాలు చదవడం కూడా ఒక విద్యే. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2022లో ఇలాంటి ఉత్తరాలను పరిశీలించి, 91 శాతం కాలేజీలు కుటుంబం నికరంగా కట్టాల్సిన మొత్తాన్ని అసలు చెప్పడం లేదనో, తక్కువ చేసి చూపుతున్నాయనో తేల్చింది. గ్రాంటు పక్కనే అప్పును కూడా ‘సాయం’ అని కలిపి కూడేస్తారు. కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకుని మనమే రాసుకోవాలి. పైన ట్యూషన్, ఫీజులు, గది, భోజనం, పుస్తకాలు, ప్రయాణాలు. అందులోంచి తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటు, స్కాలర్‌షిప్ మాత్రమే తీసేయాలి. మిగిలింది మన ఖర్చు. విద్యార్థి పేరున వచ్చే ఫెడరల్ అప్పు మొదటి ఏడాది 5,500 డాలర్లు, నాలుగేళ్లకు కలిపి 27,000. తల్లిదండ్రులు తీసుకునే ప్లస్ అప్పుకు 2026 జూలై నుంచి ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం 65,000 అని పరిమితి పెట్టారు. ఆ పైన కావాలంటే ప్రైవేటు బ్యాంకే దిక్కు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కాలేజీ ఏడాదికి 82,000 అడిగి, 30,000 మెరిట్ ఇచ్చింది. మొదటి ఏడాది కట్టేది 52,000. ఫీజు ఏటా 4 శాతం పెరుగుతుందనుకుంటే, స్కాలర్‌షిప్ మాత్రం చాలా కాలేజీల్లో అదే 30,000 దగ్గర ఆగిపోతుంది. నాలుగో ఏడాదికి ఫీజు 92,000 దాటుతుంది, ఇంటి వాటా 62,000 దాటుతుంది. నాలుగేళ్లకు 2,08,000 అనుకున్నది దాదాపు 2,28,000 అవుతుంది. ఫీజు పెరిగితే స్కాలర్‌షిప్ కూడా పెరుగుతుందా, ఎంత జీపీఏ దాటితే కొనసాగుతుంది, ఒక సెమిస్టర్ జారితే మళ్లీ అవకాశం ఇస్తారా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా డిపాజిట్ కట్టకూడదు. కెమిస్ట్రీ లాంటి కష్టమైన మేజర్ తీసుకునే పిల్లలకు జీపీఏ షరతు మరీ ముఖ్యం.

డబ్బు తేలాక చదువు చూడాలి. చిన్న కాలేజీలకు ఒక నిజమైన లోటు ఉంది: కంప్యూటర్ సైన్స్ విభాగంలో ప్రొఫెసర్లు పదిమంది కూడా ఉండకపోవచ్చు. వెబ్‌సైట్‌లో నలభై కోర్సుల పేర్లు కనిపిస్తాయి. వాటిలో గత నాలుగు సెమిస్టర్లలో నిజంగా నడిచినవి ఎన్ని అని చూడాలి. పక్క కాలేజీలతో పొత్తు ఉంటే ఈ లోటు కొంత తీరుతుంది. ఆమ్‌హెర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్ విద్యార్థులు మాసచూసెట్స్ యూనివర్సిటీలో కూడా కోర్సులు తీసుకోవచ్చు. పొమోనాతో కలిపి క్లేర్‌మాంట్‌లో ఐదు కాలేజీలు గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. విదేశీ విద్యార్థులైతే తమ మేజర్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో కనుక్కోవాలి. ఉంటే చదువు తర్వాత ఒక ఏడాది పని అనుమతికి మరో 24 నెలలు కలుస్తాయి. ఎకనామిక్స్ కొన్ని కాలేజీల్లో స్టెమ్, కొన్నిచోట్ల కాదు.

ఇక ఆ కాలేజీలు చిన్నవి కావడంలోనే ఉన్న గొప్ప. విలియమ్స్‌లో ట్యుటోరియల్ అనే తరగతికి ఇద్దరే విద్యార్థులు, ఎదురుగా ప్రొఫెసర్. ఒక వారం ఒకరు వ్యాసం రాసుకొచ్చి చదవాలి, రెండోవారు దాన్ని విప్పి విమర్శించాలి. మరుసటి వారం పాత్రలు తారుమారు. తల వంచుకుని వెనక బెంచీలో కూర్చునే వీలే ఉండదు. వూస్టర్‌లో చివరి ఏడాది ప్రతి విద్యార్థీ ఒక ప్రొఫెసర్ పర్యవేక్షణలో సొంత పరిశోధన పూర్తిచేయాలి. మెరిట్ వచ్చినవాడైనా రానివాడైనా మినహాయింపు లేదు. ఆ పరిశోధన పత్రం అప్పగించిన రోజున చేతిలో ఒక టూట్సీ రోల్ చాక్లెట్ పెడతారు. అందరికీ తెలిసిన విలియమ్స్‌లో ఒక రూపంలో దొరికేది, మెరిట్ డబ్బు ఇచ్చే వూస్టర్‌లో ఇంకో రూపంలో దొరుకుతోంది. పేరు వెనక పరుగెత్తేవాళ్లు ఆగి చూడాల్సింది ఇక్కడే.

పేరు వల్ల జీతం పెరుగుతుందా అన్నదానికి పరిశోధకులు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ ఉపయోగపడుతుంది. ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు చేసి, సీట్లు తెచ్చుకున్న విద్యార్థుల్లో, ఎక్కువ పోటీ ఉన్న కాలేజీలో చేరినవాళ్లకూ తక్కువ పోటీ ఉన్నదానిలో చేరినవాళ్లకూ తర్వాతి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పేద ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు మాత్రం ఎక్కువ పోటీ ఉన్న కాలేజీ మేలు చేసింది. కాబట్టి తక్కువ ఆదాయం ఉన్న ఇల్లు విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్ తలుపు ధైర్యంగా తట్టాలి. ధరా తక్కువ పడుతుంది, లాభమూ ఎక్కువ. రెండు జీతాల మధ్యతరగతి ఇల్లు మాత్రం పేరు కోసం నాలుగేళ్లలో లక్షన్నర డాలర్లు అదనంగా, అదీ అప్పు చేసి కట్టడంలో అర్థం లేదు.

ఎర్లీ డెసిషన్ దగ్గర ఈ తీర్పు ఇంకా గట్టిగా పనికొస్తుంది. సీటిస్తే తప్పక చేరతామని నవంబరులోనే కట్టుబడి దరఖాస్తు చేస్తే సీటు అవకాశం పెరుగుతుంది నిజమే. సాయం సరిపోకపోతే బయటపడే వీలూ ఉంది. కానీ ఇతర కాలేజీలు ఎంత తగ్గించేవో తెలియకుండానే ఆట ముగుస్తుంది. క్యాలిక్యులేటర్ చెప్పిన మొత్తం నాలుగేళ్లూ అప్పు లేకుండా కట్టగలమని తేలితేనే ఆ దారి పట్టాలి. మెరిట్ కోసం చూసే ఇల్లు రెగ్యులర్ దారిలోనో, కట్టుబాటు లేని ఎర్లీ యాక్షన్‌లోనో వెళ్లడం మేలు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. పిల్లలు పదకొండో తరగతిలో ఉండగానే, వేసవి సెలవుల్లో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏడాదికి ఎంత కట్టగలరో అంకెతో సహా చెప్పండి. ఆ అంకెను దగ్గర పెట్టుకునే జాబితా తయారుచేయండి. క్యాలెండర్‌లో గడువులు కూడా రాసుకోండి. మామూలు దరఖాస్తుకు జనవరి దాకా సమయం ఉన్నా, జాన్సన్ లాంటి పెద్ద స్కాలర్‌షిప్‌ల గడువు డిసెంబరు మొదట్లోనే ముగుస్తుంది.